మందుల జీవక్రియ, కాలేయ విషశాస్త్రంలో పరిశోధన జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లూ, వచ్చి సగం దారిలో ఉన్నవాళ్లూ అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసేకంటే అన్నీ ఒకచోట పెడితే మేలనిపించింది. దశలవారీగా సర్దాను. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లండి.

## రంగంలోకి రాకముందు

మందుల జీవక్రియ అంటే ఫార్మకాలజీయే కదా? దీనికి విడిగా ఒక రంగం ఎందుకు?

మందు ఒంటిని ఏం చేస్తుందో చూసేది ఫార్మకాలజీ. ఒళ్లు మందును ఏం చేస్తుందో చూసేది మా పని. మాత్రలో ఉండే అణువు సాధారణంగా కొవ్వులో కరిగే రకం. మూత్రంలోనో పైత్యరసంలోనో బయటికి పోవాలంటే అది నీటిలో కరిగేలా మారాలి. ఆ మార్పు ఎక్కువగా కాలేయంలో జరుగుతుంది. మొదట ఆక్సిజన్ చేర్చడం లాంటి పనులు, తర్వాత గ్లూకురోనిక్ ఆమ్లమో సల్ఫేటో గ్లూటాథయోనో అతికించడం.

1842లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త వోలర్ దగ్గర పనిచేసిన కెల్లర్ బెంజాయిక్ ఆమ్లాన్ని తానే మింగి, తన మూత్రంలోంచి హిప్యూరిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. మనిషి మీద జరిగిన తొలి జీవక్రియ ప్రయోగాల్లో అదొకటి. అప్పటి నుంచి పోగైన సమాచారాన్ని 1947లో ఆర్.టి. విలియమ్స్ ఒక గ్రంథంగా కూర్చాక ఇది తన కాళ్ల మీద నిలబడ్డ శాస్త్రమైంది.

మందును విరిచి పంపేది కాలేయమే అయితే, ఆ కాలేయమే మందు వల్ల ఎందుకు పాడవుతుంది?

చాలాసార్లు విషం మాత్రలో ఉండదు, కాలేయమే దాన్ని తయారుచేసుకుంటుంది. పారాసెటమాల్ చూడండి. మామూలు మోతాదులో అది చాలావరకు గ్లూకురోనైడ్‌గా, సల్ఫేట్‌గా మారి వెళ్లిపోతుంది. మిగిలిన కొద్ది భాగాన్ని ముఖ్యంగా సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ నాప్‌క్వీ అనే దూకుడు పదార్థంగా మారుస్తుంది. కణంలోని రక్షక అణువు గ్లూటాథయోన్ ఉన్నంతసేపు దాన్ని ఎప్పటికప్పుడు పట్టేసి పంపేస్తుంది. మోతాదు మితిమీరితే ఆ నిల్వ అడుగంటుతుంది. ఇక నాప్‌క్వీ కణంలోని ప్రోటీన్లకు, అందులోనూ మైటోకాండ్రియాలోని వాటికి, అతుక్కుంటుంది. కణం చచ్చిపోతుంది.

ఈ కథను 1973లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిచెల్, జోలో, గిల్లెట్, బ్రోడీల బృందం ఎలుకల్లో విడమరిచి చూపింది. గ్లూటాథయోన్‌ను తిరిగి నింపే ఎన్-అసిటైల్‌సిస్టీన్‌ను విరుగుడుగా ఇవ్వడం వెనకున్న తర్కం అదే. కణజాలం ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే చావు కేంద్ర సిర చుట్టూ కనిపిస్తుంది. ఆ ఎంజైమ్ ఎక్కువగా ఉండేదీ, గ్లూటాథయోన్ తక్కువగా ఉండేదీ అక్కడే. రసాయన చర్య ఎక్కడ జరిగిందో, కణాలు ఎక్కడ చచ్చాయో రెండూ ఒకే చోట కలవడం చూసినప్పుడు ఈ రంగం మీద మోజు పుట్టకపోతే, మీరు వేరే రంగం చూసుకోవడం మంచిదని నా ఉద్దేశం.

నేను కెమిస్ట్రీ చదివాను. బయాలజీ వాళ్లకు ఎక్కువ అవకాశం ఉంటుందా?

కెమిస్ట్రీ, ఫార్మసీ, బయోకెమిస్ట్రీ, పశువైద్యం, వైద్యం, ఏ దారిలో వచ్చినవాళ్లైనా ఇక్కడ ఉన్నారు. కెమిస్ట్రీ నుంచి వచ్చినవాళ్లు మెటబొలైట్ (మందు మారగా పుట్టే పదార్థం) నిర్మాణాన్ని చకచకా గీసేస్తారు, కాలేయం స్లైడు చూపిస్తే తడబడతారు. బయాలజీ వాళ్లది సరిగ్గా దీనికి తిరగేసిన సమస్య. ఏ అణువు పుట్టిందో చెప్పగలగడం, అది ఏ కణాన్ని ఎందుకు చంపిందో చెప్పగలగడం, ఈ రెండూ వచ్చినవాళ్లు తక్కువ. ఉద్యోగాల్లోనూ గ్రాంట్లలోనూ వాళ్లకున్న గిరాకీ వేరు. కాబట్టి మీకు రాని సగాన్ని మొదటి రెండేళ్లలోనే పట్టుకోండి. కెమిస్ట్రీ వాళ్లు ఒక పాథాలజిస్టు పక్కన కూర్చుని స్లైడ్లు చూడండి. బయాలజీ వాళ్లు బాణం గుర్తులతో చర్యా విధానాలు రాయడం నేర్చుకోండి.

జంతువుల మీద ప్రయోగాలు చేయడం నాకు ఇష్టం లేదు. అయినా రావచ్చా?

రావచ్చు. ఎంజైమ్ చర్యలు, మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువులను బరువును బట్టి గుర్తించే పద్ధతి), మానవ హెపటోసైట్లు (కాలేయ కణాలు), కంప్యూటర్ మోడలింగ్, రోగుల నమూనాలు, ఇలా జంతువులను ముట్టని పని చాలా ఉంది. ఆ మాట చేరేముందే గైడ్‌కు చెప్పండి. చేరాక చెబితే ఇద్దరికీ ఇబ్బంది.

కోడింగ్ తప్పనిసరా?

పని జరగాలంటే గణాంకాలు, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫులు గీసుకునేంత నైపుణ్యం చాలు. ఎంజైమ్ గతిశాస్త్రం మాత్రం కాగితం మీద లెక్క వేసి అర్థం చేసుకోవాలి. కేఎమ్ (ఎంజైమ్ సగం వేగానికి కావలసిన మందు సాంద్రత), వీమ్యాక్స్ (దాని గరిష్ఠ వేగం) విలువలను సాఫ్ట్‌వేర్ ఇస్తుంది, అవి అర్థవంతమైనవో కాదో మీరే చెప్పాలి.

## పీహెచ్‌డీ రోజులు

పారాసెటమాల్ మీద యాభై ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. ఇంకా ఏం మిగిలిందని దాని మీద థీసిస్?

మోతాదును బట్టి ఖాయంగా వచ్చే విషప్రభావం కాబట్టి అది కొలబద్దలా పనికొస్తుంది. మైటోకాండ్రియా దెబ్బతిన్నాక కణం ఏ దారిలో చస్తుంది, చచ్చిన కణాలను తొలగించి కాలేయం మళ్లీ ఎలా పెరుగుతుంది, ఆలస్యంగా వచ్చిన రోగికి ఎన్-అసిటైల్‌సిస్టీన్‌తో పాటు ఇంకేం ఇవ్వొచ్చు, ఇవన్నీ ఇంకా బతికున్న ప్రశ్నలే. కాకపోతే "ఫలానా ఆకు రసం పారాసెటమాల్ నుంచి ఎలుకను కాపాడింది" అనే తరహా టాపిక్ వద్దు. అలాంటి పేపర్లు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో చాలావాటిలో రసాన్ని మందుకు ముందే ఇస్తారు. రసం సీవైపీ2ఈ1ను అడ్డుకుంటే నాప్‌క్వీ పుట్టనే పుట్టదు. విషమే పుట్టనప్పుడు కాపాడిందనడానికి ఏముంది? మందు ఇచ్చిన అరగంటకు కాలేయంలో గ్లూటాథయోన్ కొలవండి. రెండు గుంపుల్లోనూ ఒకేలా పడిపోయి ఉంటేనే, ఆ తర్వాత కనిపించిన రక్షణను నమ్మొచ్చు.

మైక్రోసోములు వాడాలా, హెపటోసైట్లా, హెప్‌జీ2 కణాలా? ల్యాబ్‌లో అందరూ హెప్‌జీ2యే వాడుతున్నారు.

ప్రశ్నను బట్టి. ఏ సైటోక్రోమ్ పి450 ఎంజైమ్ (సీవైపీ2ఈ1 ఈ కుటుంబానిదే) మందును మారుస్తుందో తెలియాలంటే మైక్రోసోములు చాలు. కాలేయాన్ని నూరి, 9,000 జి (గురుత్వాకర్షణకు అన్ని రెట్ల బలం) దగ్గర తిప్పితే పైన మిగిలేది ఎస్9. దాన్ని లక్ష జి దగ్గర తిప్పితే అడుగున చేరేవి మైక్రోసోములు. ఇవి చవక, ఫ్రీజర్‌లో నిలవుంటాయి, కానీ వీటిలో సల్ఫేట్ అతికించే ఎంజైములు ఉండవు. మొత్తం జీవక్రియ కావాలంటే హెపటోసైట్లు వాడాలి. మామూలు ప్లేటు మీద పరిచిన హెపటోసైట్లలో పి450 చురుకుదనం ఒకటి రెండు రోజుల్లోనే బాగా పడిపోతుంది. రోజుల తరబడి మందు తగిలించి చూడాలంటే గుండ్రటి ముద్దలుగా పెంచే స్ఫీరాయిడ్ పద్ధతి నయం.

హెప్‌జీ2 సంగతి: ఇవి కణితి నుంచి వచ్చిన కణాలు, పి450 చాలా తక్కువ. మెటబొలైట్ వల్ల కలిగే విషాన్ని వీటిలో వెతకడం దండగ. ఇంకో తిరకాసు కూడా ఉంది. గ్లూకోజ్ పుష్కలంగా ఉన్న ద్రవంలో ఇవి మైటోకాండ్రియాను పెద్దగా వాడుకోకుండానే బతికేస్తాయి, కాబట్టి మైటోకాండ్రియాను చంపే మందు కూడా నిరపాయంగా కనిపిస్తుంది. గ్లూకోజ్ బదులు గెలాక్టోజ్ పోస్తే అసలు రంగు బయటపడుతుంది. అందుకే ఆ ఒక్క పరీక్షకు హెప్‌జీ2ను నేనూ సిఫారసు చేస్తాను.

పారాసెటమాల్ ఇచ్చిన నా ఎలుకల్లో ఒకసారి కాలేయం పూర్తిగా చెడిపోతుంది, ఇంకోసారి ఏమీ కాదు. ప్రోటోకాల్ అదే. ఎక్కడ తేడా వస్తోంది?

ముందు ద్రావకం చూడండి. మందు కరగడానికి డీఎంఎస్‌ఓ వాడుతున్నారా? అది సీవైపీ2ఈ1ను అడ్డుకుంటుంది, దానంతట అదే ఎలుకను కాపాడేస్తుంది. కంట్రోల్ గుంపుకు కూడా అంతే డీఎంఎస్‌ఓ ఇచ్చినా సమస్య పూర్తిగా తీరదు. కరిగించే దారి ఉంటే గోరువెచ్చని సెలైన్ వాడండి.

తర్వాత ఉపవాసం. రాత్రంతా తిండి లేని ఎలుకలో గ్లూటాథయోన్ తగ్గి ఉంటుంది. ఒకరోజు సాయంత్రం మేత తీసేసి, ఇంకోరోజు మరిచిపోయి అర్ధరాత్రి తీసేస్తే రెండు ప్రయోగాలూ వేరే. మందు ఇచ్చే వేళ కూడా ముఖ్యమే. కాలేయంలో ఎంజైములూ గ్లూటాథయోనూ రోజంతా ఒకే స్థాయిలో ఉండవు. ఆడ ఎలుకలు ఈ విషాన్ని మగవాటికంటే బాగా తట్టుకుంటాయి. చిట్టెలుకను ముంచే మోతాదుకు పెద్ద ఎలుక చలించదు.

ఇవన్నీ సరిచూశాక కూడా తేడా ఉంటే జాతి చూడండి. సీ57బీఎల్/6జే, సీ57బీఎల్/6ఎన్ ఒకటే అనుకుని కలిపేస్తారు. 6జే ఎలుకల్లో మైటోకాండ్రియాకు సంబంధించిన ఎన్‌ఎన్‌టీ జన్యువు చెడి ఉంటుంది. జన్యువు తీసేసిన ఎలుకలు ఒక నేపథ్యంలోవీ, కంట్రోల్ ఎలుకలు ఇంకో నేపథ్యంలోవీ అయితే మీరు కొలుస్తున్నది మీ జన్యువు ప్రభావం కాదు. ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువులనే కంట్రోల్‌గా పెట్టుకోండి, ఖర్చైనా సరే.

ఏఎల్‌టీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారే ఎంజైమ్) పెరిగింది అంటే కాలేయం దెబ్బతిన్నట్టే కదా?

తొందరపడకండి. ఏఎల్‌టీ కండరాల్లోనూ ఉంటుంది, గట్టి వ్యాయామం తర్వాత కూడా పెరుగుతుంది. అనుమానం ఉంటే సీకే అనే కండరాల ఎంజైమ్ కొలవండి, అదీ పెరిగితే కండరం వైపు చూడాలి. జీఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ కాలేయానికి మరింత ప్రత్యేకం. అది మైటోకాండ్రియాలో ఉంటుంది, కండరం నుంచి పెద్దగా రాదు. పైగా ఏఎల్‌టీ దెబ్బను చూపుతుంది గానీ కాలేయం పనిచేస్తోందా లేదా అన్నది చెప్పదు. దానికి బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే సమయం చూడాలి. ఎలుకల పనిలోనైతే స్లైడు చూడకుండా ఏఎల్‌టీ ఒక్కదాని మీదే పేపర్ పంపొద్దు.

గైడ్ నమ్మిన సిద్ధాంతానికి నా డేటా ఎదురు తిరుగుతోంది. ఏం చేయాలి?

మందు రక్తంలోకీ కాలేయంలోకీ నిజంగా చేరిందని ముందు నిరూపించండి. ఈ రంగంలో వచ్చే "ప్రభావం లేదు" ఫలితాల్లో కొన్ని, మందు అసలు చేరకపోవడం వల్ల వచ్చినవే. చేరిందని తేలితే, గైడ్‌తో కలిసి ఒక ప్రయోగం ఖరారు చేసుకోండి: దాని ఫలితం ఇలా వస్తే మీ మాట, అలా వస్తే గైడ్ మాట అని ముందే రాసుకోండి. వాదన కంటే ఆ కాగితం ఎక్కువ పనిచేస్తుంది.

పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పడుతుంది?

చాలాచోట్ల నాలుగు నుంచి ఆరు. జన్యుమార్పిడి ఎలుకలను కొత్తగా పెంచుకోవాల్సి వస్తే చివరి అంకెనే లెక్కలోకి తీసుకోండి.

## పీహెచ్‌డీ తర్వాత

పోస్ట్‌డాక్ చేయాలా, నేరుగా కంపెనీకి వెళ్లిపోవాలా?

సొంత ల్యాబ్ కావాలంటే పోస్ట్‌డాక్ తప్పదు. కంపెనీయే లక్ష్యమైతే, మాస్ స్పెక్ట్రోమెట్రీ, ఎంజైమ్ గతిశాస్త్రం చేతికి వచ్చి ఉంటే నేరుగా వెళ్లొచ్చు. పోస్ట్‌డాక్ చేసేటట్టయితే పీహెచ్‌డీలో చేసిందే మళ్లీ చేయకండి. మెటబొలైట్లు గుర్తించిన వాళ్లు కణం చావు మీద పనిచేసే చోటికి వెళ్లండి, కణం చావు చూసినవాళ్లు రసాయనం వైపు రండి.

కంపెనీలో డీఎంపీకే (మందుల జీవక్రియ, గతిశాస్త్రం) విభాగం వాళ్లు రోజూ చేసేదేమిటి?

కొత్త అణువు ఎంత త్వరగా విరిగిపోతుంది, ఏ ఎంజైమ్ విరుస్తుంది, పక్క మందును అడ్డుకుంటుందా, ప్రోటీన్లకు అతుక్కునే దూకుడు మెటబొలైట్ పుడుతుందా, వీటికి వారాల వ్యవధిలో జవాబులివ్వడం. అలాంటి దూకుడు వాటిని పట్టడానికి మైక్రోసోముల్లో గ్లూటాథయోన్ కలిపి, అతుక్కున్నవాటిని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో వెతుకుతారు. సీవైపీ3ఏ4 ఒక్కటే వాడుకలో ఉన్న మందుల్లో చాలా పెద్ద భాగాన్ని మారుస్తుంది కాబట్టి దాన్ని అడ్డుకునే అణువును అందరూ అనుమానంగానే చూస్తారు.

అణువు ముందుకు సాగితే నియంత్రణ నియమాలు వస్తాయి. మనిషి రక్తంలో తిరిగే మందు సంబంధిత పదార్థం మొత్తంలో ఒక మెటబొలైట్ వాటా 10 శాతం దాటి, జంతువుల్లో కంటే మనిషిలో బాగా ఎక్కువగా ఉంటే, దాని భద్రతను విడిగా పరీక్షించమని ఐసీహెచ్ (మందుల నిబంధనలను దేశాల మధ్య ఒకేలా చేసే సంస్థ) మార్గదర్శకం అడుగుతుంది. ఈ ఉద్యోగంలో మీరు ఇష్టపడ్డ అణువులు చాలావరకు చచ్చిపోతాయి. వాటిలో కొన్నింటిని చంపే డేటా మీదే అవుతుంది. అది తట్టుకోలేనివాళ్లు ఎక్కువకాలం ఉండరు.

ఎలుకల్లో, కుక్కల్లో ఏమీ కాలేదంటే మనిషికి కూడా భయం లేనట్టేనా?

1993లో ఫియాలురిడిన్ అనే హెపటైటిస్ బి మందు పరీక్షను తలుచుకోండి. 15 మంది మందు తీసుకుంటే ఏడుగురికి కాలేయం విఫలమైంది, ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. జంతు పరీక్షల్లో ఆ ప్రమాదం కనబడలేదు. కారణం తర్వాత తేలింది. మందును మైటోకాండ్రియాలోకి చేర్చే రవాణా ప్రోటీన్ మనిషి మైటోకాండ్రియా పొరలో ఉంటుంది, ఎలుకల మైటోకాండ్రియాలో అలా ఉండదు. లోపలికి వెళ్లిన మందు మైటోకాండ్రియా డీఎన్ఏలో చేరిపోయింది. దెబ్బ కూడా వెంటనే కాక, వారాలు గడిచాక బయటపడింది. మానవ కాలేయ కణాలు పెట్టిన ఎలుకల్లో తర్వాత పరీక్షిస్తే ఆ విషం కనిపించింది.

దీన్నిబట్టి జంతు పరీక్షలు దండగని తేల్చేయొద్దు. ఫలానా జాతిలో ఆ ఎంజైమ్, ఆ రవాణా ప్రోటీన్, ఆ మెటబొలైట్ ఉన్నాయా అని ముందే అడగకపోవడం దండగ.

వేలమంది మీద పరీక్షించి అనుమతిచ్చిన మందును కాలేయం దెబ్బతింటోందని తర్వాత ఎందుకు వెనక్కి తీసుకుంటారు?

లెక్క సులువు. ఒక ప్రమాదం పదివేల మందిలో ఒకరికి వస్తుందనుకోండి. దాన్ని కనీసం ఒక్కసారైనా చూస్తామని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే సుమారు 30,000 మందికి మందు ఇవ్వాలి. అనుమతికి ముందు పరీక్షల్లో సాధారణంగా అంతమంది ఉండరు.

మరి సూచనలేవీ ఉండవా? ఉంటాయి. మధుమేహానికి ఇచ్చే ట్రోగ్లిటాజోన్ 1997లో అమెరికాలో మార్కెట్‌కు వచ్చింది, 2000 మార్చిలో వెళ్లిపోయింది. పరీక్షల దశలోనే మందు తీసుకున్నవాళ్లలో 1.9 శాతం మందికి ఏఎల్‌టీ మామూలు పైహద్దుకు మూడు రెట్లు దాటింది, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో అది 0.6 శాతం. ఇలాంటి అంకెలను చదవడానికి కాలేయ వైద్య నిపుణుడు హైమన్ జిమ్మర్‌మన్ పేరుతో ఒక నియమం ఉంది. ఏఎల్‌టీ మామూలు పైహద్దుకు మూడు రెట్లు, బిలిరుబిన్ రెండు రెట్లు దాటి, పైత్య నాళం మూసుకుపోవడం గానీ మరో జబ్బు గానీ కారణం కాకపోతే, అలాంటి రోగుల్లో సుమారు పదిమందిలో ఒకరు చనిపోవచ్చు లేదా కాలేయ మార్పిడి అవసరం కావచ్చు. 2009 నాటి ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) మార్గదర్శకం దీన్నే ఆధారంగా తీసుకుంది. పరీక్షల్లో అలాంటి కేసు ఒక్కటి వచ్చినా గది నిశ్శబ్దమైపోతుంది, రెండు వస్తే మందు భవిష్యత్తు సందేహమే.

ఒకే మందు, ఒకే మోతాదు. ఒకరికే ఎందుకు వికటిస్తుంది?

కొన్నిచోట్ల ఎంజైమ్ జన్యువులో తేడా. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్‌ను నెమ్మదిగా అసిటైలేట్ చేసే ఎన్‌ఏటీ2 ఎంజైమ్ రకం ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. కొన్నిచోట్ల రోగనిరోధక వ్యవస్థ. ఫ్లూక్లోక్సాసిలిన్ అనే యాంటీబయాటిక్ వల్ల వచ్చే కాలేయ జబ్బుకు హెచ్‌ఎల్‌ఏ-బీ*57:01 అనే రోగనిరోధక జన్యురూపంతో గట్టి సంబంధం ఉందని 2009లో చూపించారు. కానీ ఆ జన్యురూపం ఉండి ఆ మందు వాడినవాళ్లలోనూ అత్యధికులకు ఏమీ కాదు. మిగతా కారణం ఎక్కడుందో పట్టుకునేవాళ్ల కోసం రంగం ఇంకా ఎదురుచూస్తోంది.

## సొంత ల్యాబ్, ఆ తర్వాత

కొత్తగా ల్యాబ్ పెడుతున్నాను. ఉన్న డబ్బంతా మాస్ స్పెక్ట్రోమీటర్ మీద పెట్టనా?

సంస్థలో ఉమ్మడి యంత్రం ఉంటే వద్దు. యంత్రం కొనడం ఒక ఖర్చు, దాని వార్షిక నిర్వహణ ఒప్పందం ఇంకో ఖర్చు, దాన్ని నడిపే మనిషి మూడో ఖర్చు. ఆ డబ్బు మానవ హెపటోసైట్లకూ, ఒక మంచి టెక్నీషియన్‌కూ పెట్టండి. మైనస్ 80 ఫ్రీజర్‌కు అలారం మాత్రం మొదటి రోజే పెట్టించండి.

కంపెనీ డబ్బుతో వాళ్ల మందు మీదే విషపరీక్ష చేయవచ్చా?

చేయవచ్చు, చాలామంది చేస్తారు. ఒప్పందంలో మూడు సంగతులు చూసుకోండి: ఫలితం ఎలా ఉన్నా ప్రచురించే హక్కు మీదే ఉండాలి, కంపెనీ పరిశీలనకు గడువు రాసి ఉండాలి, మూల డేటా మీ దగ్గరే ఉండాలి. ప్రచురణకు అనుమతి అడగాలన్న వాక్యం ఉంటే సంతకం పెట్టొద్దు. పేపర్‌లో ఆ నిధుల సంగతి చెప్పడం ఎలాగూ తప్పదు.

రోగి కాలేయం ఫలానా మందు వల్లే పాడైందని ఎలా తేలుస్తారు? రక్తపరీక్ష ఏదైనా ఉందా?

మందునే ఖాయంగా దోషిగా నిలబెట్టే సాధారణ రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. వైరస్ హెపటైటిస్, మద్యం, పిత్తాశయ రాళ్లు, స్వయంప్రతిరక్షక జబ్బు ఒక్కొక్కటే తోసిపుచ్చుకుంటూ వెళ్లాలి. మందు మొదలుపెట్టిన తేదీ, ఆపాక ఏఎల్‌టీ తగ్గిన తీరు కీలకం. వీటికి మార్కులు వేసే రుకమ్ పద్ధతి 1993లో వచ్చింది. ఏ మందు ఎలాంటి దెబ్బ తీస్తుందో వెతకడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2012లో తెరిచిన లివర్‌టాక్స్ ఉంది, ఉచితం.

రోగి చెప్పని మందులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మూలికలను, బరువు తగ్గే పొడులను ఎవరూ మందుల జాబితాలో చెప్పరు. గ్రీన్ టీ సారం వల్ల వచ్చే కాలేయ జబ్బుకు హెచ్‌ఎల్‌ఏ-బీ*35:01తో సంబంధం బయటపడింది. కొన్ని మొక్కల్లోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లను కాలేయంలోని పి450 ఎంజైములే విషంగా మారుస్తాయి, ఆ విషం సన్నటి రక్తనాళాలను మూసేస్తుంది. సహజమైనదన్న మాటకు ఎంజైమ్ దగ్గర విలువ లేదు.

చిప్ మీద కాలేయం, కృత్రిమ మేధ వచ్చేశాయి. ఇప్పుడు ఈ రంగంలోకి రావడం తెలివైన పనేనా?

2022లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలేయ చిప్‌లను (మానవ కాలేయ కణాలను పెంచే చిన్న పరికరాలు) 27 మందుల మీద పరీక్షిస్తే, విషపూరితమైనవాటిలో 87 శాతాన్ని పట్టుకున్నాయి, సురక్షితమైన దేన్నీ తప్పుగా పట్టలేదు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా చట్టం మార్చి, మనుషుల మీద పరీక్షలకు ముందు జంతు పరీక్షలు తప్పనిసరన్న నిబంధన తీసేసింది. ఇది పనిని తగ్గించదు, మారుస్తుంది. చిప్‌లో ఏ దాత కణాలున్నాయి, ఎంజైములు ఎంత చురుగ్గా ఉన్నాయి, రోగనిరోధక కణాలు లేనప్పుడు ఏ రకం విషం కంటపడదు, ఇవి అడగగలిగేవాళ్లు కావాలి. కంప్యూటర్ నమూనాలకు ఆకలి మంచి డేటా. కాలేయ విషం విషయంలో మందుల మీద వేసిన "విషపూరితం", "సురక్షితం" ముద్రలే ఒక జాబితాకూ ఇంకో జాబితాకూ పొసగవు. ఆ ముద్రలను సరిచేసే ఓపిక ఉన్నవాళ్లకు చేతినిండా పని ఉంటుంది.

నలభై దాటాయి. వైద్యంలోనో పాథాలజీలోనో ఉన్నాను. ఇప్పుడు మారడం ఆలస్యమా?

పాథాలజీ నుంచి వస్తే ఆలస్యం కాదు, కొరత ఉన్న చోటికే వస్తున్నారు. మళ్లీ పీహెచ్‌డీ అక్కర్లేదు. కంపెనీల భద్రతా విభాగాలు, నియంత్రణ సంస్థలు అనుభవాన్ని చూస్తాయి, అమెరికన్ బోర్డ్ ఆఫ్ టాక్సికాలజీ పరీక్ష పాసైతే ఇంకా మంచిది. జీవక్రియ రసాయనం మీద ఒక కోర్సు చేసి, మీ దగ్గరున్న పాత కేసుల్లోంచి మందు వల్ల వచ్చినవాటిని ఏరి, నైతిక కమిటీ అనుమతితో ఒక పేపర్ రాయండి. ఇంటర్వ్యూలో మాట్లాడడానికి అది చాలు.